వీణకు పనసకాయలు కాయించే విధానం

విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు కాబట్టి, వీణల గురించి జావా అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాము రాయబూనినవారు మొట్టమొదట ‘పనసచెట్టు’ అనే క్లాసును రాసి, ‘వీణ’ను దానికి వారసురాలిగా ప్రకటించాలి. క్లాసు అంటే ఒక జాతి వస్తువులకు ఉండవలసిన లక్షణాలనూ, మెథడ్‌లు అనబడే వాటి పనులనూ నిర్ణయించే నమూనా; వారసత్వం అంటే ‘ఇదీ ఆ జాతిదే’ అని ఒప్పుకోవడం. 1967లో నార్వేలో ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ సిమ్యులా భాషలో ఈ ఏర్పాటు చేసినప్పుడు ‘దానితో చేసినది’ అనే అర్థం ఉద్దేశించలేదు గాని, అంత పట్టింపు అక్కర్లేదు. చెట్టుకున్న ‘కాయలుకాయు’ అనే పబ్లిక్ మెథడ్, అంటే ఎవరైనా పిలవగల పని, వీణకు అప్పనంగా సంక్రమిస్తుంది; పెళ్లిళ్ల రోజుల్లో పనసపొట్టు కూరకు వెతుక్కోనక్కర్లేదు. కర్రను వీణలో ఒక భాగంగా పెట్టుకుంటే చాలునన్న పెద్దల మాట వింటే ఈ లాభం పోతుంది.

తరువాత ‘బొబ్బిలివీణ’ను ‘వీణ’కు పిల్ల క్లాసుగా పెట్టాలి. తల్లి క్లాసులోని ‘వాయించు’ పబ్లిక్‌గా ఉండి, లోపల ‘శ్రుతిచేయు’ను పిలుస్తూ ఉంటే, ఆ రెండోదాన్ని తప్పక ప్రైవేట్ చేయాలి. ప్రైవేట్ మెథడ్ ఆ క్లాసు లోపలి రాతకే కనబడుతుంది గనుక, పిల్ల అదే పేరుతో తనదొకటి రాసుకున్నా అది తల్లిదాన్ని ఓవర్‌రైడ్ చేయదు, అంటే దాని స్థానంలోకి రాదు. పేరు మాత్రమే కలిసిన వేరే మెథడ్‌గా మిగిలిపోతుంది. నాలుగు వాయించే తంత్రులనూ మూడు తాళపు తంత్రులనూ పిల్ల క్లాసులో ఎంత శ్రద్ధగా బిగించినా, ‘వాయించు’ అనగానే తల్లి తన పాత పద్ధతిలోనే శ్రుతి చేసుకుంటుంది, రాతను సరిచూసి యంత్రం కోసం అనువదించే కంపైలర్ పల్లెత్తు మాట అనదు. మెథడ్ నెత్తిన ఓవర్‌రైడ్ గుర్తు పెట్టినవారికి మాత్రం అది అక్కడే అడ్డుతగులుతుంది కాబట్టి, తప్పును ఏళ్ల తరబడి కాపాడుకోదలచినవారు ఆ గుర్తును దరిచేరనివ్వరాదు.

ప్రొటెక్టెడ్ అనే నడిమి మాటకు ‘పిల్లలకు మాత్రమే’ అని అర్థం చెప్పుకోవడం ఉత్తమం. జావాలో అది పిల్ల క్లాసులతో పాటు అదే ప్యాకేజీలో, అంటే ఒక పేరు కింద చేర్చిన క్లాసుల గుంపులో, ఉన్న ప్రతిదానికీ అందుతుంది. అమ్మాయికి పెట్టిన సారె వీధంతా పంచినట్టే.

తల్లి పబ్లిక్‌గా ఇచ్చినదాన్ని పిల్ల ప్రైవేట్ చేయబోతే జావా ఒప్పుకోదు. సీ ప్లస్ ప్లస్ ఒప్పుకుంటుంది. పైగా ఆ మెథడ్ వర్చువల్, అంటే పిల్ల మార్చుకోగలది, అయితే, తల్లి రకం పేరున పిలిచినప్పుడు పిల్ల దాచుకున్న రాతే నడుస్తుంది, ఎందుకంటే అనుమతిని పిలిచే రకాన్ని బట్టీ, పనిని అసలు వస్తువును బట్టీ నిర్ణయిస్తారు. వీధి తలుపుకు గడియ వేసి పెరటి తలుపు బార్లా తీసిపెట్టే ఈ సదుపాయం కోరేవారు ఆ భాషకు మారవచ్చు. వీణకు పనసకాయలు అక్కడా కాస్తాయి.