ఇస్టీలు ఇంగ్లీషు

హైదరాబాద్ బేగంబజార్ గిన్నెల దుకాణంలో పాతబస్తీ ఖాలా 'ఇస్టీల్ గిలాస్' అడుగుతుంది. గుంటూరు పిన్ని 'స్టీలు గ్లాసు' అంటుంది. చివర ఉకారం తగిలించందే ఆవిడకు మాట పూర్తయినట్టుండదు. డాలస్ నుంచి సెలవులకొచ్చిన అల్లుడుగారు 'గ్లేస్' అని సాగదీస్తారు. ఎవరి ఇంగ్లీషు వాళ్లకు అసలు సిసలు, పక్కవాళ్లది నవ్వులాట!

ఇంగ్లీషు పంతుళ్లకు తర్ఫీదు ఇవ్వడానికి 1958లోనే ఈ ఊళ్లో కేంద్ర సంస్థ పెట్టారు. నేటి ఇఫ్లూ విశ్వవిద్యాలయం అదే. మన గిన్నెల దుకాణం సేఠ్‌జీ మాత్రం ఆ గడప తొక్కకుండానే, గల్లాపెట్టె దగ్గర కూర్చుని అన్ని యాసలూ ఔపోసన పట్టేశాడు. ఒక్క 'డిస్కౌంట్' అన్న మాటే, ఎవరు ఏ యాసలో పలికినా, ఆయన చెవికెక్కదు!