జలగండమునకు జీతము

మా సిద్ధాంతిగారు మావాని జాతకచక్రము వేసి, కండ్లజోడు ముక్కుకొనకు జారవిడిచి, ఒక గడిపై వ్రేలు నిలిపి, "మాస్టారూ, అన్నీ దివ్యంగా ఉన్నాయి గాని, కుర్రవాడికి జలగండం ఉందండీ" యని నెమ్మదిగ పలికిన నాటినుండి, మా యింట నీటికిని వానికిని నడుమ నొక యదృశ్య ప్రాకారము లేచినది. ఆ ప్రాకారమునకు కావలి మా అత్తగారు. కళింగపట్నమునకు చేరువ పల్లెలో, వంశధార కడలిని గలియు తావున పుట్టి పెరిగి, చిన్ననాడు నాటుపడవలపై నాడుకొంటినని గర్వముగ చెప్పుకొను నావిడగారే, మనుమని విషయము వచ్చుసరికి పెరటి గాబును సైతము బంగాళాఖాతముగ భావించి, దానిపై రేకు మూత వేయించి, మూతపై రుబ్బురోటి పొత్రము నుంచి, శ్రీకాకుళము పోవునపుడు బస్సు నాగావళి వంతెన దాటునంతవరకు వాని చొక్కా కొస విడువక కూర్చుండెడివారు. ఇన్ని కట్టుదిట్టముల నడుమ వాడు ఈత యెన్నడు నేర్చెనో, ఎక్కడ నేర్చెనో నేటికిని మాకు తెలియరాలేదు. విజయనగరము పెద్దచెరువునకు నోరున్నచో చెప్పియుండును.

మా ప్రాంతమున పిల్లలు సైన్యమున జేరుట క్రొత్త గాదు. కోడి కూయకమునుపే రోడ్లవెంట పరుగులు దీయు కుర్రవాండ్రను చూచి ఊర దొంగలు పడిరేమోయని బెదరు పరాయివారు కలరు గాని మేము బెదరము. అది ఫిజికల్ టెస్టునకు సాధన. కావున మావాడు నావికాదళమునకు ఎంపికై, 1980 నుండి ఒడిశాలో నున్న ఐ.ఎన్.ఎస్. చిల్కాకు తొలి శిక్షణకై బయలుదేరినపుడు, ఓడ నీటిపైననే గదా యుండునని అత్తగారిని ఎట్టులో ఒప్పింపగలిగితిమి. పలాస దాటి, బరంపురము దాటి పోవు రైలుదారి. పొరుగూరి క్రిందనే లెక్క. ఆ యొప్పందము కొంతకాలమునకు కొచ్చినుండి వచ్చిన యొక ఫోనుతో భగ్నమైనది.

"నాన్నగారూ, డైవింగ్ కోర్సుకి వాలంటీరుగా పేరిచ్చానండి. ఇక్కడి డైవింగ్ స్కూల్లోనే."

అత్తగారు వంటయింటినుండియే విని, "ఏటి, ములగడానికా? దానికి జీతం కూడా ఇత్తారేటి?" యని యడిగి, ఇత్తురని నేను చెప్పగా, "అయితే మా ఊళ్ళో ములిగిపోయినోల్లందరూ ఊరికినే ములిగిపోనారన్నమాట" యని నిట్టూర్చిరి.

జాతకమును మరల సిద్ధాంతిగారి యెదుట నుంచితిమి. ఆయన పంచాంగమును ముందునకును వెనుకకును త్రిప్పి, "గండం జలంలో ఉందన్నాను గాని, జలం అడుగున ఉందనలేదు గదండీ. పైగా సర్కారువారు జీతమిచ్చి దింపే నీరు దోషం కిందికి రాదు, వృత్తి కిందికి వస్తుంది" అని తీర్పు చెప్పి, దక్షిణ కొంచె మధికముగనే గ్రహించిరి. కాళిదాసునకు మల్లినాథసూరి దొరకినట్లు మా కుటుంబమున కీయన దొరకుట పూర్వజన్మ సుకృతము. మా ఆవిడ మాత్ర మీ వ్యాఖ్యానముపై భారము వేయక, పైడితల్లి అమ్మవారి వనంగుడికి పోయి మ్రొక్కుకొని వచ్చినది. ఆమె తర్కమే నాకు దృఢతరముగ తోచెను: అమ్మవారి విగ్రహమును పతివాడ అప్పలనాయుడు పెద్దచెరువు నీటినుండి వెలికి తెచ్చెనని గదా ఐతిహ్యము, తన్ను పైకి దెచ్చిన మునకవిద్య ఋణము ఆ తల్లికి లేదా?

ఇక తండ్రిగ నా వంతు తోడ్పాటు మిగిలినది. జీవితమంతయు తెలుగు పాఠములు చెప్పి విశ్రాంతి పొందినవాడు సముద్రగర్భమున నున్న కుమారునకు చేయగల సాయ మేమున్నది? ఉత్తరము వ్రాసితిని. వీరఘట్టమున పుట్టి, విజయనగరమున కసరత్తు చేసి, ఛాతీ పొంగించి ఇనుపగొలుసులు తెంచిన కోడి రామమూర్తినాయుడుగారు వాయుస్తంభన జలస్తంభన విద్యల నెరిగినవారని పెద్దలు చెప్పుకొనుటయు, కురుక్షేత్రావసానమున దుర్యోధనసార్వభౌముడు ద్వైపాయన హ్రదమున జలస్తంభన మొనర్చి దాగుటయు సప్రమాణముగ వివరించి, ఊపిరి బిగపట్టుటయే నీ విద్యకు మూలకందమని ఉపదేశించితిని. అంతటితో నాగక, వానికి మానసికముగ బాసటగ నుండుటకై ఇంటిల్లిపాదియు ఉదయమున ఊపిరి బిగపట్టు సాధన ప్రారంభించితిమి. ఇందులో అత్తగారు అందరను మించిరి.

మావాని ప్రత్యుత్తరము ఫోనులో వచ్చెను. "నాన్నగారూ, సిలిండరు తగిలించుకుని దిగేవాడికి మొట్టమొదటి నిషేధమే ఊపిరి బిగపట్టడమండి. బిగపట్టి పైకి వస్తే లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చిరుగుతాయి." మా సాధన ఆ పూటతో సమాప్తము. పురాణోదాహరణములకు మాత్రము విలువ తగ్గలేదని నా యభిప్రాయము. పైగా వాడు చెప్పిన శాస్త్రమువలన నాకు భారతమందొక క్రొత్త యర్థము స్ఫురించినది. పది మీటర్ల లోతున కొక వాతావరణము చొప్పున పీడనము పెరుగునట. ముప్పది మీటర్ల క్రింద మనుష్యునిపై నాలుగింతలు. పీల్చిన గాలిలోని నత్రజని యా పీడనమునకు రక్తమున, కండరములలో కరగి దాగియుండును. మెల్లగ, నడుమ నడుమ నాగుచు పైకి వచ్చినచో నది మర్యాదగ శ్వాసవెంట వెడలిపోవును. తొందరపడినచో, గోలీ సోడాసీసా కొట్టినపుడువలె బుడగలై పొంగి కీళ్ళను పట్టుకొనును. దుర్యోధనుడు చేసిన దేమి? పాండవుల యెత్తిపొడుపులకు తాళలేక, గద భుజమున నిడుకొని, ఎక్కడను నిలువక ఒక్క ఊపున పైకి వచ్చెను. ఆ పిమ్మట నాతనికి కలిగిన బాధ తొడలలోనే. వ్యాసభగవానుడు నింద యావత్తు భీముని గదపై మోపెను గాని, మావాని బోధకులు కొంతయైన నత్రజనికి పంచియిత్తురు.

ఎక్కడెక్కడ నెంతసేపు నిలిచి పైకి రావలెనో తెలుపు పట్టికలను స్కాట్లండు శాస్త్రజ్ఞుడు జె.ఎస్. హాల్డేన్, మేకలను పీడనపు గదులలో నుంచి పరీక్షించి, 1908లో ప్రకటించెను. ఈ సంగతి విని మా ఆవిడ, మేకలు మ్రొక్కులకు పోవుట యెరుగుదును గాని లెక్కలకు పోవుట యిప్పుడే వింటి ననినది.

ఆ నెలలలో మా కుటుంబము చేసిన సాయములలో నిజముగ పనికివచ్చినది శొంఠిపొడి యొక్కటే. జలుబు చేసిన డైవరు చెవులలోని పీడనమును సరిచేసికొనలేడు, ముక్కు మూసి ఊదినను దారి తెరువబడదు, దిగనీయరు. ముక్కు మూసి ఊదు నీ యుపాయము ఇటలీ శరీరశాస్త్రవేత్త వాల్సాల్వా పేర ప్రసిద్ధము. అత్తగారి శొంఠికి మాత్ర మే పేరును లేదు గాని, వానితోపాటు వాని తోటివారందరును ఆ పొట్లము నాశ్రయించిరని వినికిడి.

వీడియోకాలులో నొకనాడు, వాడు మరునాటి పరీక్షను గూర్చి చెప్పుచుండగా, మా ఆవిడ ధైర్యము చెప్పుటకై బొటనవ్రేలు పైకెత్తి చూపినది. వాడు నవ్వి, "అమ్మా, మా దగ్గర ఆ సైగ చేస్తే పైకి వచ్చేయమని అర్థం. అంతా బాగుందనడానికి బొటనవేలూ చూపుడువేలూ సున్నాలా కలపాలి" అన్నాడు.

"నేనన్నదీ అదేరా, పైకి వచ్చేయమనే" యని యామె వ్రేలు దించలేదు.

మా పేటలో నీ విషయమున పండితులు కానివారు లేరు. విశాఖ పక్కనే యుండుటచేత, 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిరేయి పాకిస్తానీ జలాంతర్గామి ఘాజీ మునిగినప్పటి విస్ఫోటనమును స్వకర్ణములతో వింటిమని చెప్పువా రనేకులు; వారిలో కొంద రప్పటికి జన్మింపలేదు. ఆ శిథిలము కడకు మన డైవర్లే దిగి నిజము నిర్ధారించిరన్న మాట విన్న నాటినుండి మావానికి గౌరవము పెరిగి, టీదుకాణమున నా బాకీకి గడువును పెరిగినది. హిందుస్థాన్ షిప్‌యార్డువారు నిర్మించిన ఐ.ఎన్.ఎస్. నిస్తార్ 2025 జులై 18న విశాఖలో నౌకాదళమున చేరినపుడు, అందుండి మూడువందల మీటర్ల లోతువరకు డైవర్లను దింపవచ్చునని పత్రికలలో వచ్చినది. ఆ భాగమును కత్తిరించి, పోపులపెట్టె క్రింద వేసితిని. అత్తగారు చదివెడిది ఆ పత్రికయే.

కోర్సు ముగించి వాడు సెలవుపై వచ్చినపుడు పల్లెకు పోతిమి. వార్త మాకంటె ముందే చేరినది. పొరుగింటావిడ ఇత్తడిబిందె బావిలో పడియున్నది. నేవీవాడు వచ్చునని దానిని నాలుగుదినములుగ తీయింపకుండ ఉంచినదట. మావాడు బావిలోనికి తొంగిచూచి, సవినయముగ నిట్లు విన్నవించెను: "అత్తా, ఒకడు దిగాలంటే పైన తాడు పట్టేవాడొకడుండాలి, ఆపదొస్తే దిగడానికి ఇంకో డైవరు సిద్ధంగా ఉండాలి, అందరినీ చూసుకునే సూపర్వైజరుండాలి. పాతబావి, అడుగున గాలి మంచిదో కాదో చూడకుండా అసలే దిగకూడదు." తాడు పట్టుటకు నేను ధోవతి బిగించి సిద్ధపడితిని.

ఆమె మా యిరువురను ఎగాదిగ చూచి, లోనికి పోయి, కొక్కేలగుత్తిని మోకునకు కట్టి తెచ్చి, బావిలో రెండుమార్లు తిప్పి, తన బిందెతోపాటు ఎవరిదో చిల్లుబొక్కెనను గూడ పైకి లాగి గట్టున పెట్టి, మా అత్తగారివైపు తిరిగి అన్నది: "అప్పా, ఎల్లేటప్పుడు ఈ కొక్కేలు మీ మనవడి సంచిలో ఎయ్యి. ఆ కొచ్చినోల్లు కూడా నేర్సుకుంతారు."