బీపీకి స్పాన్సర్ ఎవరు?

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొని, పౌరసత్వం కూడా పుచ్చుకున్న మన కుమారరత్నం చేసే తొలి పుణ్యకార్యం అమ్మానాన్నల గ్రీన్‌కార్డు కోసం ఐ-130 దరఖాస్తు వేయడం. పౌరుడై, 21 ఏళ్లు నిండితే చాలు. తమ్ముడికి వేస్తే ఏళ్లూ పూళ్లూ క్యూలో నిలబడాలి గానీ తల్లిదండ్రులకు ఏడాదికి ఇన్నే అన్న పరిమితి లేదు. "పేరెంట్స్ జీసీ అప్రూవ్డ్" అని వాట్సాప్ గ్రూపులో పెట్టగానే దండాలు, చప్పట్లు. శ్రవణకుమారుడు కావడి మోశాడు, మనవాడు ఫీజు కట్టాడు.

ఈ పుణ్యంలో ఐ-864 అనే ఒక సంతకం ఉంది. పేదరికపు గీతకు 125 శాతం ఆదాయం నాకుంది, వీళ్లను నేనే పోషిస్తానని అమెరికా ప్రభుత్వానికి రాసిచ్చే హామీ. వాళ్లు పౌరులయ్యేదాకానో, దేశం శాశ్వతంగా విడిచేదాకానో, కన్నుమూసేదాకానో మామూలుగా అది వదలదు. ఇంటి లోను కాగితాలు మూడుసార్లు చదివినవాడు దీనిమీద మాత్రం కొరియర్ అందినట్టు గీకేస్తాడు.

విమానం దిగాక మొదలవుతుంది అసలు పురాణం. "నా కంపెనీ ఇన్సూరెన్స్‌లో కలిపేస్తా" అంటాడు. చాలా కంపెనీల ప్లాన్లలో భార్యాపిల్లలకే గానీ తల్లిదండ్రులకు చోటు లేదు. "నాన్నకు 68 కదా, మెడికేర్, అదే సర్కారు వృద్ధుల బీమా, వచ్చేస్తుంది" అంటాడు. గ్రీన్‌కార్డు మీద వరసగా అయిదేళ్లు అక్కడ ఉంటేగానీ రాదు. వచ్చినా, భార్యాభర్తల్లో ఒకరు పదేళ్లు ఆ దేశంలో పన్ను కట్టి పనిచేసి ఉంటేనే అందులో ఆస్పత్రి ఖర్చులు చూసే పార్ట్ ఎ ఉచితం. నాన్న చేసిన ఉద్యోగమంతా కరీంనగర్ సబ్‌స్టేషన్‌లో! కాబట్టి 2025 లెక్కన పార్ట్ ఎకి నెలకు 518 డాలర్లు, డాక్టరు ఖర్చుల పార్ట్ బికి 185. తలకి. బీదల బీమా మెడికెయిడ్ అంటారా, చాలా రాష్ట్రాల్లో అక్కడా అయిదేళ్లు ఆగమంటారు.

అప్పుడు తీస్తాడు బ్రహ్మాస్త్రం: చవకరకం ట్రావెల్ పాలసీ. ముందునుంచీ ఉన్న జబ్బులు అందులో చెల్లవు. మన నాన్నలకు ముందునుంచీ లేనిదేముంది? ఇరవై ఏళ్ల బీపీ, పదిహేనేళ్ల షుగర్, ఒక స్టెంటు. ఇవి పోగా ఆయనలో బీమాకు మిగిలేది మెట్లమీద జారిపడే అవకాశం ఒక్కటే. పైగా "షుగర్ సంగతి రాయకు నాన్నా" అని కొడుకే నూరిపోస్తాడు. క్లెయిమ్ వేసిన రోజున అవతలివాళ్లు హైదరాబాద్ ఆస్పత్రి ఫైలే అడుగుతారు.

ఈలోగా ఆవకాయ సీసాల మధ్య తెచ్చుకున్న మాత్రలు అయిపోతాయి. "ఇండియా నుంచి ఎవరైనా వస్తున్నారా?" అని గ్రూపులో కేక. కృత్రిమ మేధతో కేన్సర్ కనిపెడతానని ఆఫీసులో స్లైడ్లు తిప్పేది ఈ మహానుభావుడే.

దారి లేదా అంటే ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు 60 రోజుల్లో సర్కారు బీమా మార్కెట్‌ప్లేస్‌లో ప్లాన్ తీసుకోవచ్చు. పాత జబ్బుందని అక్కడ తోసెయ్యడానికి చట్టం ఒప్పుకోదు. కాకపోతే ఖరీదు. తాత మనవణ్ని చూసుకోవడంతో డేకేర్‌కి మిగిలిన డబ్బుతో అది కట్టొచ్చుగా అని మాత్రం అడక్కండి. తాత లాలించడం ప్రేమ, దానికి వెల కట్టకూడదు!

అయ్యా, ఐ-130 వేసేముందు అమ్మ మందుల చీటీ, ప్లాన్ ధరా పక్కపక్కన పెట్టి ఒక్కసారి చూడండి. లెక్క కుదరకపోతే వాళ్లను ఊళ్లోనే ఉండనిచ్చి మీరే వెళ్లి వస్తూ ఉండండి. గ్రీన్‌కార్డు అడిగింది వాళ్లు కాదు.