షట్సిలిండర సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం:
ఆరు, వరుసలో. బోరు 84, స్ట్రోకు 89.6, ఘనం 2979.
బలం 231, 5900 వద్ద. టార్కు 300, 3500 వద్ద.
కుదింపు 10.2. క్రమం 1-5-3-6-2-4.

అవతారిక. బీఎమ్‌డబ్ల్యూ వారు 2000లో బయటపెట్టిన ఎం54బి30 అనే పెట్రోలు ఇంజన్ లక్షణాలను చెప్పే సూత్రమిది. 330ఐ, 530ఐ, ఎక్స్5, జడ్4 వంటి బళ్ళ బానెట్ల కింద 2006 దాకా కొలువు చేసింది. వంశం సామాన్యమైనది కాదు. 1917లో ఆ కంపెనీ చేసిన విమాన ఇంజన్‌కూ ఆరు సిలిండర్లే, అవీ వరుసలోనే. 1933లో 303 అనే కారుతో అదే అమరిక నేలమీదికి దిగింది.

ప్రతిపదార్థం. బోరు = సిలిండర్ లోపలి వ్యాసం, మిల్లీమీటర్లలో; స్ట్రోకు = పిస్టన్ పైనుంచి కిందికి పోయే దూరం; ఘనం = ఆరింటిలోనూ పట్టే చోటు, సీసీల్లో; దీన్నే అమ్మేవాళ్ళు ‘మూడు లీటర్లు’ అంటారు, 21 సీసీల దగ్గర పేచీ పెట్టుకునేవాడు కారు కొనడు గనక; బలం = గుర్రాలు; 5900 = నిమిషానికి తిరిగే చుట్లు; టార్కు = మెలితిప్పే సత్తువ, న్యూటన్ మీటర్లలో; కుదింపు = పదింటిని ఒకటిగా నొక్కి, పైన మరికొంచెం నొక్కడం.

ఛందస్సు. ‘ఇది వట్టి అంకెల పట్టిక, దీనికి ఛందస్సేమిటి?’ అని నవ్వకండి. చివరి పాదం చూడండి. క్రాంక్ రెండు చుట్లు తిరిగేలోగా ఆరూ ఒక్కోసారి పేలాలి. 720 డిగ్రీలను ఆరింటికి పంచితే 120 డిగ్రీలకో గణం, ఎక్కడా గణభంగం లేదు. పిస్టన్లు జంటలుగా లేస్తాయి: ఒకటీ ఆరూ, రెండూ అయిదూ, మూడూ నాలుగూ. ఇప్పుడు క్రమం మళ్ళీ చదవండి. మొదట పేలింది ఒకటి, నాలుగో చోట పేలింది దాని జంట ఆరు. తేటగీతిలో యతి పడే చోటు సరిగ్గా అదే! ఇంజన్‌లో ముందు సగం వెనక సగానికి అద్దంలో నీడలా ఉంటుంది కనుక ఒక పిస్టన్ ఊపును ఇంకోటి అణిచేస్తుంది. నాలుగు సిలిండర్ల దాంట్లో మిగిలిపోయే సన్నని వణుకు ఇందులో ఉండదు. దాన్ని అణచడానికి వేరే షాఫ్టులు బిగించే పనీ లేదు.

పాఠాంతరం. అమెరికా ప్రతిలో ‘బలం 225’ అని ఉంది. అక్కడ సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కునే మనవాళ్ళకు దొరికే పాఠం ఇదే. జర్మనీ గుర్రం అమెరికా గుర్రం కంటే రవ్వంత చిన్నది. ఆ లెక్కన 228 రావాలి. తక్కిన మూడు గుర్రాలూ అట్లాంటిక్‌లో పడిపోయాయని సంప్రదాయజ్ఞులు.

తాత్పర్యం. బాగా పరిగెడుతుంది.

అధ్యాహారం. మూలంలో లేని పదాన్ని తెచ్చి అన్వయం పూర్తిచేయడమే కదా టీకాకారుడి పని. ఈ సూత్రంలో లేని పదం: నీళ్ళు. సూత్రకారుడు లోహాన్ని మాత్రమే పొగిడాడు, అందులో తప్పు లేదు. అల్యూమినియం బ్లాకు, లోపల ఇనుప లైనర్లు, బెల్టుకు బదులు టైమింగ్ చెయిన్. మూడు లక్షల కిలోమీటర్లు దాటినా బోరుకు రాని బళ్ళు ఎన్నో ఉన్నాయి. ఈ లోహమంతా ప్రాణం పెట్టుకున్నది మాత్రం ప్లాస్టిక్ మీద. కూలెంట్ ట్యాంకు ప్లాస్టిక్, రేడియేటర్ మెడ ప్లాస్టిక్, థర్మోస్టాట్ గూడు ప్లాస్టిక్, గాలి తీసే మర కూడా ప్లాస్టికే. పైగా పొగ శుభ్రంగా రావాలనీ, మైలేజీ పెరగాలనీ థర్మోస్టాట్‌ను 97 డిగ్రీలకు పెట్టారు. ఏళ్ళ తరబడి ఆ వేడిలో ఉడికిన ప్లాస్టిక్ చివరికి అప్పడమవుతుంది.

రోగలక్షణం ముందే కనిపిస్తుంది, చూసేవాడుంటే. ట్యాంకు రెండు సగాలూ అతికిన గీత వెంబడి సన్నని తెల్లటి చార ఎండిపోయి ఉంటుంది. బానెట్ ఎత్తగానే తియ్యటి వాసన. చూడనివాణ్ణి మీటరులో ముల్లయినా హెచ్చరిస్తుందనుకుంటే, అది మౌనవ్రతంలో ఉంటుంది. డ్రైవరు ఊరికే కంగారు పడకూడదని ఇంజన్ వేడి కొంచెం పెరిగినా తగ్గినా ముల్లు నడిమధ్యనే నిలబడేట్టు చేశారు. అది ఎరుపు వైపు కదిలేసరికి హెడ్ వంగిపోయి ఉంటుంది. ఆనక మెకానిక్ హెడ్ బోల్టు విప్పితే, దాని మరలకు చుట్టుకుని అల్యూమినియం తీగ స్ప్రింగులా ఊడొస్తుంది. అది బ్లాకులో ఉండాల్సిన మర. కనుక పంపు, థర్మోస్టాట్, ట్యాంకు, గొట్టాలు లక్ష కిలోమీటర్ల లోపే, పాడయ్యాయా లేదా అని చూడకుండా, ఒక్కసారే మార్చేయమని షెడ్డు సంప్రదాయం. నా ఓటు దానికే.

ఆక్షేపం. ‘ఆయిల్ 15,000 మైళ్ళకోసారి మారిస్తే చాలని అమెరికాలో కంపెనీయే చెప్పింది కదా?’

సమాధానం. చెప్పింది. ఆ రోజుల్లో అక్కడ మొదటి ఏళ్ళ సర్వీసు ఖర్చు భరించిందీ కంపెనీయే. ఆరున్నర లీటర్ల ఆయిల్‌కు డబ్బు కట్టేవాడు అది ఎక్కువకాలం నిలుస్తుందని నమ్మడంలో వింతేముంది? ఆ దూరంలో సగానికే మార్చడం నయం.

రబ్బరు ప్రకరణం క్లుప్తంగా. వాల్వులు తెరుచుకునే వేళలు సర్దే వ్యానోస్‌లో రబ్బరు సీళ్ళు గట్టిపడితే కింది చుట్లలో పికప్ పోతుంది. నెమ్మదిగా పోతుంది కనుక బండి వయసు మీద పడిందనుకుని యజమాని సర్దుకుపోతాడు. గాలి గొట్టంలో ఉండే డిసా అనే రెక్కకు ఇరుసు విరిగితే ఆ ముక్కలు ఇంజన్ లోపలికే పోతాయి. ఊడదీసి చూడటానికి నాలుగు నిమిషాలు చాలు కనుక ఇక్కడ వ్యాఖ్య అనవసరం.

శాఖాభేదం. ఈ ఇంజన్ ఆయిల్ ఎందుకు తాగుతుందన్న విషయంలో రెండు శాఖలున్నాయి. పిస్టన్ రింగులు మూసుకుపోయాయని ఒక శాఖ. వీరిది ఖరీదైన సిద్ధాంతం. లోపలి పొగను మళ్ళీ గాలితో కలిపే వాల్వులో పలచని పొర చిరిగిందని రెండో శాఖ. చలిదేశాల్లో ఆ వాల్వు గొట్టాల్లో నీరూ ఆయిలూ కలిసి మీగడలా పేరుకుని, గడ్డకట్టి, దారి మూసేయడం కూడా కద్దు. తగవు తేలాలంటే బండి స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ తొక్కకుండా, ఆయిల్ పోసే మూత తిప్పి ఎత్తండి. చిన్నగా లాగితే సహజం. మూతను వదలనని గట్టిగా పట్టుకుంటే గెలిచింది రెండో శాఖే. ముందు ఆ వాల్వు మార్పించండి, రింగుల మాట ఎవరెత్తినా ప్రస్తుతానికి వినకండి.