అక్కడికే సూది కావాలట!

మా రోజుల్లో క్షయ అంటే సూదే. స్ట్రెప్టోమైసిన్. మా బాబాయిని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని వాడరేవు నుంచి చీరాల దాకా తొక్కేవాణ్ణి. కాంపౌండరు గాజు సిరంజిని మరగబెట్టి, అరిగిన సూదితో పిరుదు మీద పొడిచేవాడు. నెలల తరబడి అదే వరస. చెవుల్లో హోరు మొదలైనా బాబాయి నోరెత్తలేదు.

ఇప్పుడో? రెండు నెలలు నాలుగు మందులు, ఆపైన నాలుగు నెలలు మూడు. అన్నీ మాత్రలే, అన్నీ ఉచితం. 2018లో తిండికని నెలకు 500 ఇచ్చేవాళ్లు, 2024 నవంబరు నుంచి వెయ్యి చేశారు. అయినా సణుగుడే! మూత్రం ఎర్రగా వస్తోందని ఒకడు మానేస్తాడు. అది రిఫాంపిసిన్ రంగురా అబ్బాయ్, నెత్తురు కాదు.

ఇక బీజానికి క్షయ పట్టిందా, గోల చెప్పనక్కర్లేదు. మన తీరంలో బీజం వాస్తే ముందు వరిబీజమనే అనుకుంటాం, బోదకాలు దోమలున్న చోటు గదా. ఇదలా కాదు. బీజం వెనకుండే గొట్టం గట్టి ముద్దలా తగులుతుంది, నొప్పి అంతంతే. వదిలేస్తే కొందరికి తోలు చిల్లుపడి చీము కారుతుంది. సిగ్గుతో దాచుకుని, పిల్లల్లేరని పరీక్షకు పోయినప్పుడు బయటపడేవాళ్లూ ఉన్నారు.

అలాంటివాడొకడు నన్నడిగాడు: “మాత్ర కడుపులోకి పోతే అక్కడిదాకా ఎట్టా దిగుద్ది తాతా? అక్కడే సూది వేయించుకుంటే పోలా?” ఊపిరితిత్తుల్లోంచో మూత్రపిండంలోంచో ఆ క్రిమి దారి వెతుక్కుని కిందికొచ్చింది గదా, నెత్తుట్లో కలిసిన మందుకు దారి తెలీదా? ముద్దలో పొడిస్తే మూత్రపిండంలో దాక్కున్నదాన్ని ఎవరు చంపుతారు? పరీక్ష కోసం సూదితో కాస్త తీయడం వేరు. వైద్యంగా అక్కడ పొడవడం మన దేశపు క్షయ పథకంలోనే లేదు. ఇంట్లో మాత్రలు మింగినవాళ్లు శానిటోరియం మంచం మీద ఉన్నవాళ్లతో సమానంగా కోలుకుంటారని 1959లోనే మద్రాసులో తేల్చారు. అరవై ఏళ్లు దాటినా మనవాళ్లకు సూది మోజు తీరలేదు. బస్టాండు గోడల మీద గుప్తరోగాల బోర్డులు అందుకే బతుకుతున్నాయి.

ముద్ద తగిలితే ఆ బోర్డుల దగ్గరికి పోకండి. చీరాల ఏరియా ఆసుపత్రికి పోయి కళ్లెతోపాటు మూత్రమూ పరీక్షకివ్వండి. ఆరు నెలల కోర్సు మధ్యలో ఆపొద్దు. జబ్బు తగ్గాక కూడా గొట్టం మూసుకుపోయే ఉండొచ్చు, పిల్లల సంగతి డాక్టరునే అడగండి.