నూటికి 14 వంతుల పుణ్యము

రైలుబాటపై వెచ్చించిన ధనము లోకమునకెంత మేలొనర్చునో ముందుగనే గణించి చెప్పగల దైవజ్ఞులు ఈ కాలమున సలహాదారుల రూపమున అవతరించియున్నారు. 2017 నాటి కేంద్ర మెట్రో విధానము ననుసరించి, టిక్కెట్ల రాబడితో తృప్తినొందక, ప్రయాణికులకు మిగులు కాలమును, తగ్గు పెట్రోలు ఖర్చును, తప్పు ప్రమాదములను, శుభ్రపడు గాలిని సైతము రూపాయలలోనికి మార్చి కూడిన పిమ్మట, ఆర్థిక ప్రతిఫలము నూటికి 14 వంతులైనను తేలినగాని పథకమునకు మోక్షము లేదు.

విశాఖకు మెట్రో సాధ్యమగునా యని ఏడాదిలోగా పరిశీలింపవలెనని 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టపు 13వ షెడ్యూలు నిర్దేశించినది. దశాబ్దము దాటినను నగరమున మెట్రో పరుగెత్తలేదు. పటములలో మాత్రము ఉక్కు కర్మాగారము నుండి కొమ్మాది వరకు నిరాటంకముగ సాగుచున్నది. గాజువాకలో బస్సు తలుపునకు వ్రేలాడు కార్మికునకు రేపు మిగులబోవు అరగంటకు వెలకట్టెదరు గాని, ఇన్నేండ్లుగ అతడు రోడ్డుపై పోగొట్టుకొన్న గంటలకు పద్దే లేదు. స్టేషను ప్రక్కనే స్థలమని కరపత్రములు పంచు వర్తకునకు మాత్రము రైలుతో పని లేదు. వచ్చునన్న వార్త చాలును.

1933లో విశాఖ ఓడరేవు తెరచిననాడు ఈ 14 వంతుల కొలబద్ద లేదు. అయినను ప్రయోజనము కలిగినది, కాదనరాదు: రేవు నాశ్రయించి నౌకానిర్మాణశాల, చమురుశుద్ధి, ఎరువులు, ఉక్కు వరుసగ వెలసినవి. బైలడిల్లా ఇనుపఖనిజము కొత్తవలస–కిరండోల్ మార్గమున తూర్పుకనుమలు దిగి ఇచ్చట ఓడలెక్కి జపాను చేరినది. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని ప్రాణములర్పించి సాధించుకొన్న కర్మాగారమునకో, సొంత ఇనుపగని లేదు. ఖనిజమును వెలయిచ్చి కొనుక్కొనవలసినదే. ప్రయోజనము విస్తృతమైనదనుటలో ఎవరికిని సందేహము వలదు. విస్తరించి విస్తరించి సముద్రముల నావలకు పోయినది. ఊరికి మిగిలినది పాతనగరపు మేడలపై, ఆరవేసిన బట్టలపై, పసిపిల్లల ఊపిరితిత్తులలో నిలిచిన రేవు బొగ్గుధూళి. దానిని రూపాయలలోనికి మార్చు సూత్రము నెవరును శ్రమపడి వెదకినట్లు కానరాదు.

కావున సలహాదారులవారికి మనవి: తదుపరి నివేదికకు పూర్వము ఆ పాతనగరపు వన్ టౌనులో ఒక్క వారము బసచేసి, తెల్లపంచె నొకదానిని మేడపై ఆరవేసి, అటుపిమ్మట "శుభ్రపడు గాలి" అను పద్దును పూరింపుడు.