కాలమహిమ: టీకా తాత్పర్య సహితము

మూలము (ఆటవెలది)

రేపునుండి నేను లేచెదన్ నాలుగు
గంటలకని, బూట్లు గడపనుంచి
పక్కమీద ఫోను పట్టి మేల్కొంటిని;
కాలు నొచ్చెననుట కాలమహిమ.

అవతారిక

ఈ పద్యంలోని తీర్మానం పుట్టిన కాలం గురించి పండితుల్లో వివాదం లేదు. డిసెంబరు 31, రాత్రి పదకొండున్నర. స్థలం హైదరాబాదులో ఒక అపార్టుమెంటు మూడో అంతస్తు. కవి వయసు 46, బరువు 84 కిలోలు. లిఫ్టు చెడిపోయిన రోజున రెండో అంతస్తులో ఆగి, ఎవరికో ఫోన్ చేస్తున్నట్టు నటించి, ఊపిరి తీసుకుని పైకి వచ్చాడు. పద్యానికి తక్షణ ప్రేరణ అదే. కవి, వ్యాఖ్యాత ఒక్కడే కావడం కొందరికి అభ్యంతరంగా తోచవచ్చు. వేరొకరు టీక రాస్తే ఏం రాస్తారో మా ఇంట్లోవాళ్లు ముందే నోటితో చెప్పేశారు కనక ఈ పని నేనే చేతుల్లోకి తీసుకున్నాను.

ప్రతిపదార్థం

రేపునుండి: వ్యాకరణం ప్రకారం ‘రేపటినుండి’ అనాలి. గణం కుదరక ‘టి’ ఎగిరిపోయింది. రేపు అంటే లోకంలో ఇవాళ్టి మర్నాడు. ఈ కవి వాడుకలో మాత్రం సోమవారం, ఒకటో తారీఖు, ఉగాది, జలుబు తగ్గాక, ఆన్‌లైన్‌లో ఆర్డరిచ్చిన వాచీ వచ్చాక అనే అర్థాలు కూడా ఉన్నాయి.

నేను: పద్యం మొత్తంలో కష్టమైన మాట ఇదే. పైకి సర్వనామంలా కనిపిస్తుంది కానీ ఇందులో ఇద్దరున్నారు. ఒకడు కాలేజీ రోజుల్లో బస్సు వెనకాల పరిగెత్తి, ఫుట్‌బోర్డు పట్టుకుని, పైగా నవ్విన 22 ఏళ్లవాడు. రెండోవాడు సోఫాలోంచి లేచేటప్పుడు ‘అమ్మా’ అనేవాడు. తీర్మానం చేసింది మొదటివాడు, అమలు చేయాల్సింది రెండోవాడు. తరవాత వచ్చిన నొప్పులన్నిటికీ మూలం ఈ అన్వయదోషమే.

లేచెదన్: భవిష్యదర్థక క్రియ. ఇది ఏ రోజు చదివినా భవిష్యత్తే.

నాలుగు గంటలకు: నాలుగు, నాలుగూ పది, నాలుగూ ఇరవై, నాలుగున్నర అని నాలుగు అలారాలు. ‘నాలుగు’ అన్న మాటకి ఇలాగైనా సార్థకత చిక్కింది. ఇక్కడ మా ఆవిడ చెప్పిన వ్యాఖ్య ఒకటి చేర్చక తప్పదు: “ఏమండీ, మీరు పెట్టే అలారానికి లేచేది ఈ ఇంట్లో నేనొక్కదాన్నే.”

బూట్లు: వెల 8,500 రూపాయలు. కొట్లో కుర్రాడు ట్రెడ్‌మిల్ మీద ఓ నిమిషం నడిపించి, పాదాలు వీడియో తీసి, “సార్, మీ పాదం లోపలికి వాలుతోంది” అన్నాడు. 46 ఏళ్లుగా నిటారుగా నడుస్తున్నాననుకున్న మనిషికి అది చిన్న దెబ్బ కాదు. ఆ బాధలో బేరమాడటం మరిచిపోయాడు.

గడపనుంచి: ఇది శ్లేష. ‘గడపన్ + ఉంచి’ అని విడగొడితే బూట్లు గడప దగ్గర పెట్టాడని అర్థం. ‘గడప నుంచి’ అని చదివితే, గడప నుంచి ఎక్కడికి? కవి చెప్పలేదు. ఎక్కడికీ వెళ్లలేదు కనక చెప్పడానికి లేదు. రాయలసీమ మిత్రుడొకాయన మూడో అర్థం లాగాడు. తిరుమలేశుడికి గడప లాంటిది కనకే కడపకి ఆ పేరు వచ్చిందంటారు కదా, కాబట్టి కవి కడప నుంచి కొండకి పరిగెత్తాలని సంకల్పించాడట. అభిమానం కొద్దీ చెప్పిన మాటే గానీ, పదకొండు రోజులపాటు ఆ బూట్ల మీద దినపత్రిక పడుతూ వచ్చిందన్నదే చారిత్రక సత్యం.

పక్కమీద ఫోను పట్టి: పద్యంలో దుర్వ్యసనాలన్నీ ఈ మూడు మాటల్లో ఇరికాయి. ఆ రాత్రి చూసినవి పరుగు వీడియోలే సుమా. 2019లో వియన్నాలో కెన్యా పరుగువీరుడు ఎలియుడ్ కిప్చోగే మారథాన్ దూరాన్ని 1:59:40కి పూర్తిచేసిన వీడియో మొదటి నుంచి చివరిదాకా, పక్కన మిక్చరు పొట్లంతో, వెల్లకిలా పడుకుని చూశాడు. అయ్యేసరికి ఒంటిగంటన్నర. మధ్యలో ఒకసారి బాల్కనీలోకి వెళ్లొచ్చాడు. ఎందుకు వెళ్లాడో పద్యంలో లేదు, బాల్కనీ పూలకుండీలో ఉంది.

మేల్కొంటిని: ధాతువుకి అసలర్థం నిద్ర లేవడం. ఇక్కడ నిద్రపోకపోవడం. పొద్దున చేయాల్సిన పనిని రాత్రే చేసేశాడని సర్దుకోవచ్చు.

కాలు నొచ్చెననుట: దీని సంగతి కింద విస్తారంగా.

తాత్పర్యం

రేపటి నుంచి నాలుగింటికి లేస్తానని బూట్లు గడప దగ్గర పెట్టుకుని, అర్ధరాత్రి దాటేదాకా ఫోన్ చూస్తూ మేలుకుని, చివరికి కాలు నొప్పి అన్నాను, ఇదంతా కాలం మహిమ అని భావము.

శంకా సమాధానం

శంక: పరిగెత్తనివాడికి కాలెలా నొస్తుంది?

సమాధానం: పరిగెత్తాడు. తీర్మానానికీ నొప్పికీ మధ్య దాదాపు నెల ఉంది, కవి దాన్ని ఒక్క పాదంలో దాటేశాడు. జనవరి 12న అయిదూ నలభైకి లేచి, కేబీఆర్ పార్కుకి పోయి, మొదటి రోజు నాలుగు వందల మీటర్లు పరిగెత్తి చెట్టు పట్టుకున్నాడు. అక్కడ ఆగి ఉంటే కథ వేరేగా ఉండేది. మూడో వారంలో ఆఫీసు కుర్రాడొకడు “అన్నా, నెక్లెస్ రోడ్డు మీద ఎనిమిది కిలోమీటర్లు మెల్లగా కొడదాం, ఏం కాదు” అన్నాడు. ‘నేను’ అనే మాటలోని మొదటివాడు ఎగిరి గంతేశాడు. హుస్సేన్‌సాగర్ గాలికి ముక్కు మూసుకునే ఎనిమిదీ పూర్తయ్యాయి. మర్నాడు ముంగాలి ఎముక లోపలి అంచు వెంట, వేలితో నొక్కితే ‘హా’ అనిపించేంత నొప్పి. ‘షిన్ స్ప్లింట్స్’ అన్నాడు ఫిజియోథెరపిస్టు.

ఆయన చెప్పిన లెక్క ఇది. పరుగులో పాదం నేలకి తగిలిన ప్రతిసారీ ఒంటి బరువుకి రెండింతల నుంచి మూడింతల భారం పడుతుంది. కిలోమీటరుకి వెయ్యికి పైనే అడుగులు. 84 కిలోల మనిషి ఎనిమిది కిలోమీటర్లకి ఎంతవుతుందో లెక్క కట్టబోతే ఆయనే వద్దన్నాడు. “గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లో దారికొస్తాయి సార్. ఎముక, స్నాయువు నెలలు అడుగుతాయి. మీకు ఆయాసం తగ్గింది కదా అని మీరు దూరం పెంచేశారు. అప్పటికి కాలికి ఇంకా సమాచారమే అందలేదు.” పద్యంలో ‘కాలమహిమ’ అన్న మాటకి ఇంత చక్కటి భాష్యం నేనైనా చెప్పలేను. ఎముకది వేరే పంచాంగం.

రెండు వారాలు విశ్రాంతి. తగ్గింది. తగ్గగానే మళ్లీ అదే దూరం. ఈసారి మడమ. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మేకు దిగినట్టు, పది అడుగులు వేశాక ఏమీ లేనట్టు. అరికాలి కింద మడమ నుంచి వేళ్లదాకా ఉండే పట్టీ లాంటి కణజాలం గొడవట అది. బాత్రూమ్ దాకా గోడ పట్టుకుని కుంటుతూ పోయి, తిరిగి మామూలుగా నడిచి వచ్చే మనిషిని ఇంట్లో ఎవరు నమ్ముతారు?

వైద్య విషయంలో ప్రామాణిక గ్రంథాలకీ పాఠభేదాలున్నాయి. దెబ్బకి విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తిపెట్టడం అన్న నాలుగు సూత్రాలకి 1978లో ఒక పొట్టి పేరు పెట్టి ప్రచారం చేసినవాడు గేబ్ మిర్కిన్ అనే అమెరికన్ డాక్టరు. చాలా ఏళ్ల తరవాత ఆయనే, ఐసూ పూర్తి విశ్రాంతీ దెబ్బ మానడాన్ని ఆలస్యం చేయవచ్చని తన సూత్రాన్ని తానే దిద్దుకున్నాడు. తన గ్రంథానికి తానే ఖండన రాసుకునే ధైర్యం అందరికీ ఉండదు. ఆ సంగతి చదివేటప్పటికి కవి పాదం గడ్డకట్టిన నీళ్ల సీసా మీద దొర్లుతోంది. నొప్పి ఆ కాసేపైనా తెలియట్లేదు కనక తీయలేదు.

అంతర్గతంగా మరో శంక: సిగరెట్టు మానకుండా పరిగెత్తవచ్చునా? రోజుకి ఎనిమిది ఉండేవి, మూడుకి వచ్చాయి. ఇది కవి వాదన. పొగలోని కార్బన్ మోనాక్సైడ్, రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి ముందే రుమాలు వేసి సీటు ఆపుకున్నట్టన్నమాట. ఆక్సిజన్ టికెట్టు కొనుక్కుని నిలబడి ప్రయాణం చేస్తుంది. పరుగు పూర్తయ్యాక పార్కు గేటు దగ్గర రాగిజావ తాగి, వంద గజాలు దాటగానే చాయ్‌తో ఒకటి వెలిగించే వ్యక్తిని చూస్తే ఆ రాగిజావకి ఎలా ఉంటుందో ఆలోచించలేదు కవి. పూరీల లెక్కా అంతే. పరిగెత్తితే కిలో బరువుకి కిలోమీటరుకి సుమారు ఒక కేలరీ ఖర్చు. మూడు కిలోమీటర్లకి రెండు వందల యాభై. పూరీ ప్లేటు ముందు ఆ పద్దు నిలవదు. ఆదివారం పొద్దున “ఇవాళ పరిగెత్తాను కదా” అన్న వాక్యంతో మొదలైన ఫలహారాలన్నీ కలిపితే బరువు ఆరు వందల గ్రాములు పెరిగింది.

మూలకథా విచారం

దూరప్పరుగుకి మూలపురుషుడని చెప్పే ఫైడిప్పిడిస్ సంగతి కొంచెం చూడాలి. యుద్ధవార్త మోసుకుని మారథాన్ నుంచి ఏథెన్సుకి పరిగెత్తి, గెలిచామని చెప్పి ప్రాణం విడిచాడని మనమంతా చదువుకున్నాం. ఆ కాలానికి దగ్గరగా ఉన్న హెరొడోటస్ చరిత్రలో ఆ ముక్క లేదు. అందులో అతను సాయం అడగడానికి ఏథెన్సు నుంచి స్పార్టాకి పోయాడు. ప్రాణం పోయే పరుగు కొన్ని శతాబ్దాల తరవాత ప్లూటార్క్, లూషియన్‌లలో తేలింది. అంటే చావు ప్రక్షిప్తం. ఈ శుభవార్త ఇంట్లో చెబితే, “అయితే మాత్రం, కుంటుకుంటూ పోయాడేమో ఎవరు చూశారు” అంది మా ఆవిడ.

42.195 అన్న సంఖ్య కూడా మొదటినుంచీ ఉన్నది కాదు. 1896 ఏథెన్సు ఒలింపిక్స్‌లో దాదాపు 40 కిలోమీటర్లే. 1908లో లండన్‌లో విండ్సర్ కోట నుంచి స్టేడియంలో రాజవంశీకుల ఆసనాల ముందుదాకా కొలిస్తే ఈ లెక్క వచ్చింది, 1921లో ఖాయమైంది. ఎవరో ఎక్కడో కూర్చున్నందుకు ఇవాళ్టికీ జనం మోకాళ్లు అరగదీసుకుంటున్నారు. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో ఆ దూరానికి తోడు ఫ్లైఓవర్లు కూడా ఉన్నాయి. కవి పేరు నమోదు చేసుకున్నది 10 కిలోమీటర్లకి కనక ఈ చర్చ ఇక్కడితో చాలు.

అడుగుల సంఖ్య గురించి ఒక ప్రమాణం: 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో జాక్ డేనియల్స్ అనే కోచ్ కూర్చుని లెక్కపెడితే, దూరప్పరుగుల వాళ్లు దాదాపు అందరూ నిమిషానికి 180కి తగ్గకుండా అడుగులు వేశారు. పేరు వినగానే ఒక మిత్రుడు ఉత్సాహంగా ముందుకి వంగాడు. విస్కీ సీసా మీది ఆయన వేరు, ఈయన వేరు.

అలంకార విశేషం

కాలు, కాల అన్నచోట కవి యమకం దాకా పరిగెత్తబోయి మధ్యలో ఆగిపోయాడు. ప్రధానాలంకారం అసంగతి. కారణం ఒకచోట, కార్యం వేరొకచోట ఉంటే అసంగతి. ఫోను చేతిలో, నొప్పి కాలిలో. ఫిజియో దీన్నే ఇంకా లోతుకి తీసుకెళ్లాడు: నొప్పి మడమలో ఉన్నా బిగుసుకున్నది పిక్క, పిక్క బిగుసుకున్నది రోజుకి పది గంటలు కుర్చీలో కూర్చున్నందుకు. ఆయన రాసిచ్చిన మందు కూడా అసంగతమే. మెట్టు అంచున ముందుపాదాల మీద నిలబడి మడమలు మెల్లగా కిందికి దించడం, పైకి లేపడం, పదిహేనుసార్లు, పూటకి మూడు విడతలు. దానితోపాటు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. పక్కవాడితో మాట్లాడలేకపోతే వేగం ఎక్కువైనట్టు. పక్కన ఎవరూ లేరు కనక కవి ఎక్కాలు చదువుతాడు. పదమూడో ఎక్కం దగ్గర, హవాయి చెప్పులేసుకున్న పెద్దాయనొకరు రోజూ దాటి వెళ్తారు. వెళ్తూ, “ఎనిమిది పదమూళ్లు నూట నాలుగు బాబూ” అని దిద్దారు ఒకసారి.

పాఠాంతరం

నాలుగో పాదానికి మా ఇంటి ప్రతిలో ‘కాలు నొచ్చెననుట కల్ల సుమ్ము’ అని ఉంది. యతి చెడలేదు, గణాలు సరిపోయాయి. ఆ రోజు నేను కాదనలేకపోయాను. ఫిజియో బిల్లు వచ్చాక ఆవిడే ఆ పాఠాన్ని ఉపసంహరించుకుంది.

మొదటి రెండు పాదాలకి సంబంధించిన సమాచారం ఒకటి ఇటీవల దొరికింది. గడప దగ్గర ఇప్పుడు రెండు జతల బూట్లున్నాయి. నాలుగు అలారాలకీ రోజూ లేస్తున్నది తనే కనక, లేచి చేసేదేముందని ఆవిడ ఫిబ్రవరి నుంచి నడక మొదలెట్టింది. నేను సీసా మీద కాలు దొర్లిస్తున్న రోజుల్లో ఆ నడక కాస్తా పరుగైంది. మొన్న ఆదివారం 5 కిలోమీటర్లు ఎక్కడా ఆగలేదు. వచ్చి, చెమట తుడుచుకుని, కాఫీ పెట్టింది. దీని మీద ఆవిడ పద్యమేదీ రాయలేదు.